కోపమొచ్చినా తిండే, బెంగొచ్చినా తిండే: ఆ అలవాటు నుంచి బయటపడి, మళ్లీ పెరగకుండా బరువు తగ్గడం ఎలా?

బరువు తగ్గాలని నిర్ణయించుకోగానే ఎవరైనా మొదట చేసే పని తిండి కోసేయడం. రాత్రి భోజనం మానేస్తారు, తీపి ముట్టనని ఒట్టు పెట్టుకుంటారు, ఎవరో పంపిన డైట్ చార్టు తెచ్చి వంటగది గోడకు అంటిస్తారు. ఆకలేసినప్పుడే తినేవాళ్లకు ఇది కొన్నాళ్లు నడుస్తుందేమో. దిగులొచ్చినా, కోపమొచ్చినా, ఏమీ తోచకపోయినా చెయ్యి తినే వస్తువు మీదికే వెళ్లేవాళ్లకు మాత్రం తిరగబడుతుంది. పగలంతా నోరు కట్టుకుంటారు. సాయంత్రం ఏ చిన్న మాట మనసుకు తగిలినా ఆ కట్టు తెగిపోతుంది. తిన్నాక తమను తామే తిట్టుకుంటారు. ఆ తిట్ల బాధ మళ్లీ తిండి దగ్గరికే తీసుకెళుతుంది.

అలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేను గట్టిగా చెప్పదలచుకున్నది వరస గురించి. ముందు వేళకు కడుపు నిండా తినడం అలవాటు చేసుకోవాలి, తర్వాత మనసు సంగతి చూడాలి, తగ్గించడం ఆ రెండూ కుదురుకున్నాకే. ఆలస్యమైపోతుందని అనిపించవచ్చు. ఏళ్ల తరబడి తగ్గుతూ పెరుగుతూ అలసిపోయినవాళ్లకు రెండు మూడు నెలలు ఏమంత ఎక్కువ?

నోరు కట్టుకుంటే ఒంట్లో ఏమవుతుంది

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలల పాటు అరకొర తిండి మీద ఉంచాడు. వాళ్లంతా ఇష్టపడి వచ్చినవాళ్లే. సగటున ఒంటి బరువులో నాలుగో వంతు తగ్గారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి వాళ్ల మనసుల్లో జరిగింది. ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు సేకరించారు, కలల్లో భోజనాలు కన్నారు, ఉన్న కాస్త తిండినీ గంటల తరబడి సాగదీసి తిన్నారు. చిరాకు, దిగులు పెరిగిపోయాయి. ప్రయోగం అయిపోయి అడిగినంత పెట్టడం మొదలుపెట్టాక కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు. ప్రయోగానికి ముందు వాళ్లలో తిండియావ ఉన్నవాళ్లెవరూ లేరు. ఆకలే వాళ్లను అలా చేసింది.

దీని వెనక ఉన్న కారణాల్లో ఒకటి 1994లో బయటపడింది. కొవ్వు కణాల్లో తయారయ్యే లెప్టిన్ అనే హార్మోన్ 'నిల్వలు సరిపడా ఉన్నాయి' అని మెదడుకు చెబుతుంటుంది. కొవ్వు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, ఆకలి పెరుగుతుంది. తిండి ఒక్కసారిగా కోసేస్తే కొవ్వు కరగకముందే లెప్టిన్ పడిపోవడం మొదలవుతుంది. ఇక్కడ మన పట్టుదలకు ఎదురు నిలబడేది మన ఒళ్లే.

మనసు వైపు నుంచి ఇంకొకటి ఉంది. 1975లో హెర్మన్, మ్యాక్ అనే పరిశోధకులు కొందరు కాలేజీ అమ్మాయిలకు ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత రుచి చూసి చెప్పమని ఐస్‌క్రీమ్ పెట్టారు. డైటింగ్ ధ్యాస లేనివాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్లు, మిల్క్‌షేక్ తాగినందుకే, ఎక్కువ తిన్నారు. 'ఎలాగూ నియమం తప్పింది, ఇవాళ్టికి తినేద్దాం, రేపట్నుంచి చూద్దాం' అనే ఆలోచన మీకూ ఎరుకే అయితే, అది మీ ఒక్కరి బలహీనత అనుకోకండి. నియమం ఎంత బిగిస్తే అది తెగినప్పుడు వచ్చే వరద అంత పెద్దది.

మొదటి అడుగు: డాక్టరును ఒకసారి కలవండి

థైరాయిడ్ మందగించడం, పీసీఓఎస్ (ఆడవాళ్లలో హార్మోన్ల తూకం తప్పే సమస్య) లాంటివి బరువును పెంచుతాయి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, డిప్రెషన్‌కూ మానసిక సమస్యలకూ వాడే కొన్ని మందులు కూడా పెంచుతాయి. అలా అని మందులు సొంతంగా ఆపకూడదు. బరువు విషయం చెబితే డాక్టరు వేరే మందుకు మార్చే వీలుందేమో చూస్తారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగరుకు మందులు వాడేవాళ్లు తమ డాక్టరును అడగకుండా తిండి తగ్గించే జోలికి వెళ్లొద్దు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. తక్కువ సమయంలో మామూలుగా ఎవరూ తినలేనంత తినేయడం, ఆపుదామన్నా ఆపుకోలేకపోవడం, ఎవరికీ కనిపించకుండా తినడం, కడుపు నొప్పెట్టేదాకా తిని తర్వాత తమ మీద తమకే అసహ్యం పుట్టడం... ఇది వారానికి ఒకసారైనా జరుగుతూ మూడు నెలలుగా సాగుతుంటే, దానికి బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని పేరుంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో దీన్ని విడి జబ్బుగా గుర్తించింది. దీనికి చికిత్స ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్స బాగా పనిచేస్తుంది. తిన్నది కక్కేయడం, విరేచనాల మందులు మింగడం, రోజుల తరబడి పస్తులుండటం కూడా ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు మానసిక వైద్యులను కలవండి. అలాంటి స్థితిలో బరువు తగ్గే ప్రయత్నం మొదలుపెడితే జబ్బు ముదురుతుంది.

రెండో అడుగు: రెండు వారాలు రాసుకోండి, ఏమీ మార్చొద్దు

చిన్న నోట్‌బుక్కో, ఫోనులో నోట్సో, ఏదైనా సరే. క్యాలరీలు రాయక్కర్లేదు. నిజానికి రాయొద్దనే అంటాను. అంకెలు చూడగానే మళ్లీ కోత మీదికి మనసు పోతుంది. ఎన్నింటికి తిన్నారు, ఏం తిన్నారు, అంతకుముందు ఎప్పుడు తిన్నారు, తినేముందు ఆకలి ఎంత, మనసు ఎలా ఉంది, ఎక్కడ కూర్చుని లేదా నిలబడి తిన్నారు. ఇంతే. తిన్నాక వీలైనంత త్వరగా రాయాలి. రాత్రికి గుర్తు చేసుకుని రాస్తే మనసు సంగతులు చెరిగిపోతాయి.

ఒక రోజు రాత ఇలా ఉందనుకుందాం: 'సాయంత్రం ఆరున్నర. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత ఏమీ తినలేదు. ఇంటికి రాగానే బ్యాగు భుజాన ఉండగానే, వంటగదిలో నిలబడి బిస్కెట్ ప్యాకెట్ మొత్తం తినేశాను. దారిలో ఫోన్లో అక్కతో మాట పట్టింపు వచ్చింది. తిన్నాక కడుపు బరువు, ఏడుపు.'

దీన్ని 'నాకు బిస్కెట్లంటే యావ' అని చదివితే దారి మూసుకుపోతుంది. మళ్లీ చదవండి. ఐదున్నర గంటల పాటు కడుపు ఖాళీ. ఆ ఖాళీ కడుపు మీద అక్కతో గొడవ. బ్యాగు దించుకోవడానికైనా, కూర్చోవడానికైనా సమయం లేదు. ప్యాకెట్ చేతికందే చోట ఉంది. ఇందులో సరిచేసుకోగలిగినవి నాలుగున్నాయి, అందులో బిస్కెట్ ఆఖరిది. నాలుగు గంటలకు ఏదైనా తిని ఉంటే అదే గొడవ బహుశా రెండు బిస్కెట్లతో ముగిసేది. అక్కతో మాట్లాడాల్సింది మిగిలే ఉంది, అది బిస్కెట్లతో తేలేది కాదు.

రెండు వారాల రాతలు ఒకచోట పెట్టి చూస్తే ఎవరి తీరు వాళ్లకు కనబడుతుంది. కొందరికి అన్నీ రాత్రి పది తర్వాతే. కొందరికి సెలవు రోజుల్లో, ఒంటరిగా ఉన్నప్పుడు. కొందరికి ఒక మనిషితో మాట్లాడిన ప్రతిసారీ. మనసు పుట్టించే ఆకలి ఉన్నట్టుండి వస్తుంది, ఒకే వస్తువును అడుగుతుంది, కడుపు నిండినా ఆగదు. కడుపు ఆకలి మెల్లగా వచ్చి, ఏది పెట్టినా సర్దుకుంటుంది. రెండూ కలిసి వచ్చే వేళలు కూడా చాలా ఉంటాయి. అక్కడ విడదీయాలని తల బద్దలు కొట్టుకోకుండా ముందు కడుపుకు పెట్టండి.

మూడో అడుగు: వేళకు తినండి

బింజ్ ఈటింగ్‌కు చికిత్స చేసేవాళ్లు మొట్టమొదట చెప్పేది ఇదే. రోజుకు మూడు భోజనాలు, మధ్యలో ఒకటో రెండో చిరుతిళ్లు. మెలకువగా ఉన్నప్పుడు రెండు తిండ్ల మధ్య ఎడం మూడు నాలుగు గంటలకు మించకూడదు. నిన్న రాత్రి ఎక్కువ తిన్నా సరే, ఇవాళ పొద్దున టిఫిన్ మానొద్దు. అది మానడంతోనే ఇవాళ రాత్రి అదుపు తప్పడం కూడా మొదలవుతుంది.

'ఇలా తింటే ఇంకా లావైపోతానేమో' అనే భయం అందరికీ కలుగుతుంది. మొదటి రెండు మూడు వారాలు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. పగటి తిండి నిలబడేకొద్దీ సాయంత్రపు వరద తగ్గుతుంది. మొత్తం లెక్కలో చాలామందికి అదే పెద్ద తగ్గింపు.

కూర్చుని తినండి, పళ్లెంలోనో గిన్నెలోనో పెట్టుకుని తినండి. ప్యాకెట్లోంచి నేరుగా తింటే ఎంత తిన్నామో కంటికి తెలియదు.

నాలుగో అడుగు: పళ్లెంలో ఏముంది

దీని గురించి లోకంలో కావలసినదానికన్నా ఎక్కువే రాశారు కాబట్టి తొందరగా చెప్పేస్తాను. ప్రతి పూటా మాంసకృత్తులు ఉండాలి: పప్పుదినుసులు, గుడ్లు, పాలు పెరుగు, చేపలు, మాంసం, మీరు తినేవాటిలో ఏవైనా. మాంసకృత్తులు ఆకలిని ఎక్కువసేపు ఆపుతాయి. బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా కాపాడతాయి. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా చాలామందికి సరిపోతుంది. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం డాక్టరు చెప్పినంతే. కూరగాయలు, పండ్లు, పొట్టు తీయని గింజలు పీచు కోసం.

ఒక్క పరిశోధన మాత్రం చెప్పాలి. 2019లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో కెవిన్ హాల్ బృందం 20 మందిని నెల రోజులు ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు పదార్థాలతో వండిన తిండి పెట్టింది. పెట్టిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింట్లోనూ సమానం. అందులోంచి ఎంత తినాలనిపిస్తే అంత తినమన్నారు. ప్రాసెస్ చేసిన తిండి మీద వాళ్లు రోజుకు సుమారు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, ఎక్కువ వేగంగా తిన్నారు, రెండు వారాల్లో దాదాపు ఒక కిలో పెరిగారు. మామూలు తిండి మీద అంతే తగ్గారు. ఎవరూ వాళ్లను నోరు కట్టుకోమనలేదు. అందుకే ఇది తినొద్దు, అది తినొద్దు అనే జాబితాల కన్నా, ఇంట్లో వండింది వేళకు సిద్ధంగా ఉండేలా చూసుకోవడం మీద శ్రమ పెట్టమంటాను.

ఇష్టమైన తీపిని, వేపుళ్లను పూర్తిగా వెలివేయొద్దు. వారంలో ఒకటి రెండుసార్లు, కడుపు నిండా భోజనం చేశాక, మనసు ప్రశాంతంగా ఉన్న వేళ, కూర్చుని, నచ్చింది తినండి. 'ఇది నాకు ఎప్పుడైనా దొరుకుతుంది' అని మనసుకు నమ్మకం కుదిరితే దాని మీద ఆత్రం తగ్గుతుంది. ఏదైనా ఒక వస్తువు ఇంట్లో ఉంటే ఇప్పట్లో నిలవలేమనిపిస్తే, కొన్నాళ్లు ఇంటికి తేకుండా బయటికి వెళ్లినప్పుడు ఒక్కటి కొనుక్కుని అక్కడే తినండి.

ఐదో అడుగు: మనసు అడుగుతున్నది ఏమిటి

తిండి మనసును నిజంగానే ఊరడిస్తుంది, కాసేపు. చిన్నప్పటి నుంచి ఏడుపు ఆపడానికి పెట్టింది, గెలిచినప్పుడు పంచుకున్నది, ఒంటరిగా ఉన్నప్పుడు తోడున్నది తిండే. దాన్ని ఆశ్రయించినందుకు సిగ్గుపడాల్సిన పనిలేదు. ఆ క్షణంలో అంతకన్నా దగ్గరగా ఏదీ లేకపోయి ఉంటుంది. ఇప్పుడు చేయాల్సింది దగ్గరలో ఇంకొన్నింటిని తెచ్చిపెట్టుకోవడం.

దీనికి ధైర్యమిచ్చే సంగతి ఒకటుంది. 2014లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరికి మనసు కలత పడే సినిమా ముక్కలు చూపించారు. తర్వాత కొందరికి వాళ్లకు ఊరట కలిగిస్తుందని వాళ్లే చెప్పిన తిండి పెట్టారు, కొందరికి మామూలుగా నచ్చే తిండి, కొందరికి ఏమీ పెట్టలేదు. కాసేపటికి అందరి మనసులూ ఒకేలా తేరుకున్నాయి. ఊరట తిండికి మనం ఇచ్చే ఘనత చాలాసార్లు గడిచిన ఆ కాసేపు సమయానికి చెందాలి. జీవితంలోని పెద్ద దుఃఖాలకు ఇది వర్తిస్తుందని నేననను. రోజువారీ చిరాకులకూ, విసుగుకూ మాత్రం వర్తిస్తుంది, మన సాయంత్రాలను ఎక్కువగా తినేసేవి అవే.

అందుకే మొదటి పని: వాయిదా. తినాలన్న కోరిక తన్నుకొచ్చినప్పుడు 'వద్దు' అనకండి. 'పదిహేను నిమిషాల తర్వాత కూడా కావాలంటే తింటాను' అనండి, నిజంగానే తినే స్వేచ్ఛ ఉంచుకోండి. వ్యసనాల చికిత్సలో అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి కోరికను సముద్రపు అలతో పోల్చాడు. లేస్తుంది, శిఖరానికి చేరుతుంది, దానంతటదే విరుగుతుంది. దానితో కలబడకుండా గమనిస్తూ ఉండాలి. అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది? గొంతులోనా, ఛాతీలోనా, చేతుల్లోనా? ఈ నిమిషం పెరుగుతోందా, తగ్గుతోందా? కుర్చీలో కూర్చుని, పాదాలు నేల మీద ఆనించి, ఊపిరి మెల్లగా వదులుతూ చూడండి. మొదటి రోజుల్లో మూడు నిమిషాలకే లేచి వెళ్లి తినేస్తారు. ఆ మూడు నిమిషాలూ వృథా కావు, అంతకుముందు చెయ్యి వెళ్లేది ఆలోచన లేకుండా.

రెండో పని: ఆ బాధకు పేరు పెట్టడం. 'మనసు బాగోలేదు' అనేది చాలదు. అవమానమా, భయమా, అలసటా, ఒంటరితనమా, ఎవరి మీదైనా కోపమా? పేరు తెలిస్తే మందు తెలుస్తుంది. అలసటకు కావలసింది పడుకోవడం, లేదా కనీసం పది నిమిషాలు కళ్లు మూసుకోవడం. ఒంటరితనానికి ఒక ఫోను. ఎవరికి చేస్తారో ముందే రాసి పెట్టుకోండి, ఆ క్షణంలో ఎవరూ గుర్తుకురారు. విసుగుకు చేతులకు పని కావాలి: అల్లిక, మొక్కలు, అలమరా సర్దడం, బొమ్మలు గీయడం. ఆందోళనకు నడక. కోపం అన్నిట్లోకీ కష్టం. కోపాన్ని మింగడం అలవాటైనవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో అందరితో సర్దుకుపోయేవాళ్లు, దానితోపాటు తిండినీ మింగుతారు. ఎవరికీ చూపించని కాగితం మీద అనాలనుకున్న మాటలన్నీ రాయండి, తర్వాత అందులో నిజంగా చెప్పాల్సిన ఒక్క వాక్యం ఏదో చూసుకుని, తీరిక వేళ ఆ మనిషికి చెప్పండి. అలా చెప్పగలిగిన వారం, చెప్పలేకపోయిన వారం మీ నోట్‌బుక్‌లో తేడా మీకే కనిపిస్తుంది.

మూడో పని: ముందే తీర్మానం. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1990ల నుంచి దీని మీద పనిచేశాడు. 'ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను' అనే సంకల్పం కన్నా, 'ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను' అని కట్టుకున్న తీర్మానం ఎక్కువ నిలబడుతుంది. పైన చూసిన బిస్కెట్ల సాయంత్రానికి తీర్మానాలు ఇలా ఉంటాయి:

- నాలుగు గంటలు కాగానే, ఆకలున్నా లేకున్నా ఒక పండు, గుప్పెడు పల్లీలు తింటాను.
- మనసు చెదిరి ఇంటికి వస్తే, ముందు బట్టలు మార్చుకుని, ముఖం కడుక్కుని, తర్వాతే వంటగదిలోకి వెళతాను.
- అక్కతో మాట పట్టింపు వస్తే, రాత్రి భోజనం అయ్యాక తనకు ఒక మెసేజ్ పెడతాను.

ఒకేసారి మూడింటికి మించి పెట్టుకోవద్దు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో 96 మంది మీద చేసిన పరిశీలనలో కొత్త పని అలవాటుగా మారడానికి సగం మందికి 66 రోజులలోపే పట్టింది, మొత్తం మీద చూస్తే 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పడం వల్ల పెద్ద నష్టమేమీ కనబడలేదు. ఇరవయ్యొక్క రోజుల్లో అలవాటు మారిపోతుందనే మాట నమ్మి ఇరవై రెండో రోజున నిరాశపడినవాళ్లు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి.

ఆరో అడుగు: తినేశాక ఏం చేయాలి

తప్పకుండా కొన్నిసార్లు తినేస్తారు. ఆ తర్వాతి గంట చాలా విలువైనది. 2007లో ఆడమ్స్, లియరీ అనే పరిశోధకులు డైటింగ్‌లో ఉన్న యువతులకు డోనట్ తినిపించి, కొందరికి మాత్రం 'అందరూ తింటారు, దీనికి మిమ్మల్ని మీరు నిందించుకోకండి' అనే అర్థం వచ్చేలా నాలుగు మంచి మాటలు చెప్పించారు. తర్వాత మిఠాయిలు ముందు పెడితే, ఆ మాటలు విన్నవాళ్లు తక్కువ తిన్నారు. తిట్టుకుంటేనే దారిలో ఉంటామని మనలో చాలామంది నమ్ముతారు. జరిగేది దానికి ఎదురు.

అప్పుడు చేయాల్సింది తక్కువే. నీళ్లు తాగండి. మీ ప్రాణస్నేహితురాలు ఇదే చెప్పి బాధపడితే ఏమంటారో అదే మీతో మీరు అనుకోండి. నోట్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాయండి. తర్వాతి భోజనం దాని వేళకు, దాని మామూలు కొలతలో తినండి. పస్తుండొద్దు, రెట్టింపు వ్యాయామంతో శిక్ష వేసుకోవద్దు, ఆ మర్నాడు బరువు చూసుకోవద్దు.

ఏడో అడుగు: ఇప్పుడు తగ్గించండి

వేళకు తినడం కుదిరి, అదుపు తప్పే సాయంత్రాలు బాగా అరుదయ్యాక ఇక్కడికి రండి. కొందరికి ఈపాటికే రెండు మూడు కిలోలు తగ్గి ఉంటాయి.

ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలుంటాయి. రోజుకు 300 నుంచి 500 క్యాలరీలు తగ్గిస్తే మొదట్లో వారానికి పావు కిలో నుంచి అర కిలో దాకా తగ్గుతుంది. అంతకన్నా వేగం ఈ అలవాటున్నవాళ్లకు ప్రమాదం. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు కూడా ఏర్పడతాయి. 300 క్యాలరీలంటే భయపడేంత కోత కాదు: తీపి పానీయాలు మానడం, వంటనూనె చెంచాతో కొలిచి వాడటం (ఒక పెద్ద చెంచా నూనె దాదాపు 120 క్యాలరీలు), రెండోసారి వడ్డించుకునేటప్పుడు కూర మాత్రమే వేసుకోవడం. పూట మానకుండా ఇది జరగాలి.

మొదటి వారంలో రెండు కిలోలు తగ్గించామని చెప్పే డైట్లను చూసి కుంగిపోవద్దు. పిండిపదార్థాల నుంచి తయారై ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజన్ ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు కోసేయగానే ఆ నీరు దిగిపోతుంది, మళ్లీ తినగానే తిరిగి వస్తుంది. ఉప్పు ఎక్కువైనా, నెలసరి ముందు రోజుల్లోనూ బరువు మిషన్ ముల్లు ఒకటి రెండు కిలోలు పైకి పోవడం మామూలే. వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున్నే చూసుకోండి. నెల మొత్తం ఎటు పోతోందో చూడండి. ముల్లు చూసిన ప్రతి రోజూ తిండి అదుపు తప్పుతుంటే మిషన్‌ను అటకెక్కించి, నడుము కొలత నెలకోసారి తీసుకోండి.

ఎంత తగ్గాలి? మీ బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తంలో చక్కెర, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు మెరుగుపడతాయి. 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద మధుమేహ నివారణ పరిశోధనలో, మధుమేహం అంచున ఉన్న మూడు వేల మందికి పైగా పాల్గొన్నారు. 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న గుంపులో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. తొంభై కిలోల మనిషికి 7 శాతమంటే ఆరుంపావు కిలోలు. పెళ్లినాటి బట్టల్లో పట్టాలనే కోరిక తప్పు కాదు, కానీ మొదటి లక్ష్యం ఇదిగా పెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: నిద్ర, నడక, బరువులు

నిద్రను చాలామంది చివర్లో తలుస్తారు, నేనైతే మూడో అడుగు పక్కనే పెడతాను. 2022లో వచ్చిన ఒక పరిశోధనలో, రాత్రికి ఆరున్నర గంటలకన్నా తక్కువ పడుకునే 80 మందిలో సగం మందికి నిద్ర సుమారు గంటకు పైగా పెంచుకోవడం నేర్పారు. తిండి గురించి వాళ్లకు ఏమీ చెప్పలేదు. అయినా వాళ్లు రోజుకు సగటున 270 క్యాలరీలు తక్కువ తిన్నారు. రాత్రి పదకొండు తర్వాత వచ్చే ఆకలికి చాలాసార్లు సరైన జవాబు దీపం ఆర్పేయడమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చెబుతుంది. వ్యాయామంతో మాత్రమే బరువు తగ్గేది తక్కువ. తగ్గిన బరువు నిలవడానికి, మనసు తేలిక పడటానికి, కండ మిగలడానికి అది కావాలి. మోకాళ్ల నొప్పులుంటే కూర్చుని చేసేవి, ఈత, సైకిలు. తిన్నదానికి శిక్షగా మాత్రం చేయొద్దు. అలా చేసినవాళ్లు దాన్ని అసహ్యించుకుని మానేస్తారు.

తొమ్మిదో అడుగు: ఇంట్లోవాళ్లు

'ఇంత తింటావా' అనేవాళ్లు, 'ఏం తినట్లేదు, ఇంకాస్త వేసుకో' అనేవాళ్లు ఒకే బల్ల దగ్గర ఉంటారు. ఇద్దరికీ, భోజనాల వేళ కాకుండా వేరే సమయంలో, సూటిగా చెప్పండి: 'నా బరువు గురించీ నా పళ్లెం గురించీ మాట్లాడొద్దు. సాయం చేయాలనుంటే సాయంత్రం నాతో నడవడానికి రండి.' బరువు గురించి ఎత్తిపొడిస్తే మనిషి తగ్గడు, చాటుగా తింటాడు. పిల్లల ఎదుట ఈ మాటలు అసలే వద్దు.

తగ్గడం ఆగిపోయినప్పుడు, తగ్గాక

కొన్ని నెలలకు ముల్లు కదలడం ఆగుతుంది. చిన్నదైన ఒంటికి తక్కువ శక్తి చాలు, పైగా ఒళ్లు ఖర్చు కూడా తగ్గించుకుంటుంది. టీవీ పోటీలో ఎడాపెడా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే (ఫలితాలు 2016లో వచ్చాయి), వాళ్ల ఒంటికి ఉండాల్సినదానికన్నా రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువ ఖర్చవుతున్నాయని తేలింది. చాలామంది తిరిగి పెరిగిపోయారు కూడా. కాబట్టి ముల్లు ఆగినప్పుడు ఇంకా కోయకండి. రెండు మూడు నెలలు అక్కడే నిలబడటం లక్ష్యంగా పెట్టుకోండి. నిలబెట్టుకోవడం అలవాటయ్యాక, కావాలంటే ఇంకో విడత.

సెమగ్లూటైడ్ లాంటి, బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. 2021లో వెలువడిన పెద్ద పరిశోధనలో సెమగ్లూటైడ్ వాడినవాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా తగ్గారు. ఆపేసిన ఏడాదిలో, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. స్థూలకాయం వల్ల జబ్బులున్నవాళ్లకు అవి మేలు చేసే మందులే, వాడటంలో చిన్నతనమేమీ లేదు. డాక్టరు పర్యవేక్షణలో, ఎంతకాలం వాడాలో ముందే మాట్లాడుకుని మొదలుపెట్టాలి. మందు ఆకలిని తగ్గిస్తుంది. అక్కతో మాట పట్టింపును మీరే చూసుకోవాలి.

తగ్గిన బరువుకు పైన రెండు కిలోల దగ్గర ఒక గీత గీసుకోండి. వరసగా మూడు వారాలు ఆ గీత దాటి ఉంటే, కొత్త డైట్ వెతక్కుండా నోట్‌బుక్ తీసి మళ్లీ రెండు వారాలు రాయండి. ఎక్కువసార్లు తేలేది ఇదే: ఏదో ఒక పూట తిండి జారిపోయి ఉంటుంది, నిద్ర తగ్గి ఉంటుంది, లేదా ఇంట్లోనో పనిలోనో కొత్త బరువొకటి మీద పడి ఉంటుంది. ఏది జారిందో అక్కడి నుంచి, మూడో అడుగుతోనే, మళ్లీ మొదలుపెట్టండి.